నకలు అనుకున్న పతకం – లెఫ్టినెంట్ చార్డ్ కథ

నాలుగేళ్ళ కిందట సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు అమ్మ ఒక గుండ్రటి బిళ్ళ తెచ్చి నా చేతిలో పెట్టింది. పాత ఇంటి అటక దులుపుతుంటే దొరికిందట. చిన్నప్పుడు అమ్మా, పిన్నులూ దానితోనే తొక్కుడుబిళ్ళ ఆడుకున్నారు. నాకు ఇవ్వబోయే ముందు అమ్మ ముచ్చటపడి, పూజసామాను తోమినట్టు చింతపండు పెట్టి దాన్ని తళతళలాడేలా తోమింది. ఒక వైపు రెక్కలున్న స్త్రీమూర్తి, రెండో వైపు ఇంగ్లీషు అక్షరాలు. పైన ఉండాల్సిన రింగు ఎప్పుడో ఊడిపోయింది.

మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో మద్రాసు సాపర్స్‌లో చేరి మెసపొటేమియా వెళ్ళొచ్చాడని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయనకి ఇలాంటివి రెండు వచ్చాయట. ఒకటి వెండిది. దాన్ని కరిగించి మా అమ్మమ్మకి పట్టీలు చేయించారు. ఇది కంచుది కాబట్టి కంసాలికి పనికిరాలేదు. అలా బతికిపోయింది.

నేను ఉండేది బర్మింగ్‌హామ్ దగ్గర. ఈ దేశంలో ఆదివారాలు హోటల్ హాళ్ళలో పాత పతకాల సంతలు జరుగుతుంటాయి. ఒకరోజు ఆ బిళ్ళని జేబులో వేసుకుని అలాంటి సంతకి వెళ్ళాను. ఒక ముసలి వ్యాపారి దాన్ని అందుకుని బొమ్మవైపూ చూడలేదు, అక్షరాలవైపూ చూడలేదు. భూతద్దం పెట్టి అంచు చూశాడు. దాన్ని నెమ్మదిగా తిప్పుతూ ఒక నంబరు, తర్వాత సాపర్ అన్న హోదా, తర్వాత సగం అరిగిపోయిన మా ముత్తాత పేరు, చివర్లో సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్ అన్న దళం పేరు తాలూకు పొడి అక్షరాలు చదివాడు. ఇది విక్టరీ మెడల్, మీరు కరిగించేసింది బ్రిటిష్ వార్ మెడల్ అయుంటుంది అన్నాడు. చింతపండు సంగతి విని తల పట్టుకున్నాడు. పతకాన్ని తోమితే దాని చరిత్ర కూడా తుడిచిపెట్టుకుపోతుందట.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే. పతకం ముఖం లక్షలమందిది. అంచు మాత్రం ఒక్కడిది.

సాపర్స్ మాట వచ్చింది కాబట్టి ఆ రోజు ఆయన ఇంకో ఇంజనీరు కథ చెప్పాడు. మద్రాసు సాపర్స్‌కి బ్రిటిష్ ఆఫీసర్లు రాయల్ ఇంజనీర్స్ నుంచే వచ్చేవారు. ఆ రాయల్ ఇంజనీర్స్‌లో పనిచేసిన జాన్ రౌస్ మెరియట్ చార్డ్ గురించి ఆయన చెప్పింది విన్న తర్వాత నేను నాలుగేళ్ళుగా దొరికిందల్లా చదువుతూనే ఉన్నాను. మీలో చాలామంది "జూలూ" అనే 1964 నాటి సినిమా చూసే ఉంటారు. అందులో స్టాన్లీ బేకర్ వేసిన పాత్ర ఈయనదే.

చార్డ్ 1847 డిసెంబరు 21న ఇంగ్లండులో ప్లిమత్ దగ్గర పుట్టాడు. వూలిచ్‌లోని రాయల్ మిలిటరీ అకాడమీలో చదివి 1868లో లెఫ్టినెంట్‌గా రాయల్ ఇంజనీర్స్‌లో చేరాడు. ఆ తర్వాత పదేళ్ళూ చెప్పుకోదగ్గది ఏమీ జరగలేదు. బెర్ముడాలో కోటలు కట్టాడు, మాల్టాలో కోటలు బాగుచేశాడు. యుద్ధం అన్నది కంటితో చూడలేదు. మెల్లగా మాట్లాడే మనిషి, తొందర లేదు, పైకి రావాలన్న ఆత్రం లేదు. మన ఆఫీసుల్లో కూడా ఇలాంటివాళ్ళు కనిపిస్తారు. పని చేస్తారు, మీటింగులో నోరు విప్పరు, ప్రమోషన్ లిస్టులో పేరుండదు.

1878 చివర్లో ఆయన కంపెనీని దక్షిణాఫ్రికాకి పంపారు. 1879 జనవరి 5న డర్బన్‌లో దిగాడు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. అప్పటికే మద్రాసు రేవు నుంచి ఓడలెక్కి వచ్చిన మన తెలుగువాళ్ళు, తమిళులు నేటాల్ చెరకు తోటల్లో ఒప్పందం కూలీలుగా చెమటోడుస్తున్నారు. మొదటి ఓడ 1860లోనే అక్కడికి చేరింది. చార్డ్ దిగిన రేవు వాళ్ళూ దిగిన రేవే.

నేటాల్‌కీ జూలూ రాజ్యానికీ సరిహద్దు బఫెలో నది. అది దాటడానికి వీలైన ఒక రేవు పేరు రోర్క్స్ డ్రిఫ్ట్. అక్కడ ఒక మిషనరీ ఇల్లు, పక్కన చిన్న చర్చి. సైన్యం ఇంటిని ఆసుపత్రిగా, చర్చిని సరుకుల గోదాముగా మార్చుకుంది. నదిలో పంటులు చెడిపోతే బాగుచేయడం కోసం చార్డ్‌ని కొద్దిమంది మనుషులతో ముందుగా పంపారు. జనవరి 19న అక్కడికి చేరాడు. అంటే ఆయన వచ్చిన పని పడవల రిపేరు.

జనవరి 22 ఉదయం, తన వెంట ఉన్న సాపర్స్‌ని పదహారు కిలోమీటర్ల దూరంలోని ఇసాండ్ల్‌వానా శిబిరానికి పంపమని ఉత్తర్వు వచ్చింది. తాను కూడా వెళ్ళాలో లేదో ఆ ఉత్తర్వులో తేలలేదు. కనుక్కోవడానికి గుర్రమెక్కి వెళ్ళాడు. మనుషులు చాలు, మీరు అక్కర్లేదు అన్నారు. అక్కడి నుంచి దుర్భిణిలో చూస్తే దూరపు కొండల మీద జూలూ దళాలు కదులుతున్నాయి. వెనక్కి వస్తుంటే దారిలో తన మనుషులు బండిలో ఎదురొచ్చారు. వాళ్ళని శిబిరానికి పంపించి తాను రేవుకి వచ్చేశాడు. ఆ మధ్యాహ్నమే ఇసాండ్ల్‌వానా మీద జూలూ సైన్యం విరుచుకుపడింది. బ్రిటిష్ వైపు 1300 మందికి పైగా చనిపోయారు. చార్డ్ పంపిన సాపర్స్ కూడా అందులో ఉన్నారు. ఉత్తర్వులో ఒక్క మాట అటూ ఇటూ అయుంటే చార్డ్ పేరు ఈ రోజు ఎవరికీ తెలిసేది కాదు.

రోర్క్స్ డ్రిఫ్ట్‌లో బాధ్యుడిగా ఉన్న మేజర్ స్పాల్డింగ్, రావలసిన సహాయ దళం ఎందుకు ఆలస్యమైందో చూసొస్తానని బయల్దేరాడు. వెళ్ళే ముందు అక్కడున్న ఇద్దరు లెఫ్టినెంట్లలో ఎవరు సీనియరో చూశాడు. పదాతిదళం కంపెనీకి నాయకుడైన బ్రామ్‌హెడ్ కంటే చార్డ్ లెఫ్టినెంట్‌గా మూడేళ్ళు ముందు. దాంతో పంటులు బాగుచేయడానికి వచ్చిన ఇంజనీరు ఆ స్థావరానికి అధిపతి అయ్యాడు.

మధ్యాహ్నం మూడు దాటాక ఇసాండ్ల్‌వానా నుంచి ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు వచ్చి వార్త చెప్పారు. నాలుగువేల దాకా జూలూ యోధులు ఇటే వస్తున్నారు. పారిపోదామా, నిలబడదామా? రోగుల్ని ఎడ్లబండ్లలో వేసుకుని బయల్దేరితే మైదానంలో దొరికిపోతాం, నిలబడటమే మేలు అన్న సలహా సరుకుల శాఖలో పనిచేస్తున్న జేమ్స్ డాల్టన్‌ది. ఆయన పూర్వం సార్జెంట్. ఇక గోడలు కట్టాలి.  గోదాములో ఉన్నవి మొక్కజొన్న బస్తాలు, బిస్కెట్ పెట్టెలు. ఒక్కో బస్తా దాదాపు తొంభై కిలోలు. వాటినే పేర్చి ఆసుపత్రినీ గోదామునీ కలుపుతూ ఛాతీ ఎత్తు గోడ లేపారు.

అంతలో మరో దెబ్బ. స్థావరంలో ఉన్న నేటాల్ స్థానిక దళం, ఇసాండ్ల్‌వానా నుంచి వచ్చిన ఆఫ్రికన్ ఆశ్వికులు వెళ్ళిపోయారు. మిగిలింది రోగులతో కలిపి నూటనలభై మంది. అంత పొడుగు గోడకి ఈ జనం చాలరని చార్డ్‌కి అర్థమైంది. వెంటనే బిస్కెట్ పెట్టెలతో మధ్యలో అడ్డంగా రెండో గోడ మొదలుపెట్టించాడు. అవసరమైతే సగం జాగా వదిలేసి వెనక్కి తగ్గడానికి. నా ఉద్దేశంలో చార్డ్ ప్రతిభ అంతా ఆ అడ్డగోడలో ఉంది. గెలుస్తామని కట్టిన గోడ కాదది. ఓడిపోతే ఎక్కడ నిలబడాలో ముందే ఆలోచించుకున్న గోడ.

నాలుగున్నర ప్రాంతంలో దాడి మొదలైంది. చీకటి పడేసరికి ఆసుపత్రి కప్పు అంటుకుంది. లోపలున్న సైనికులు గదికీ గదికీ మధ్య గోడలు తవ్వుకుంటూ రోగుల్ని ఒక్కొక్కరినే బయటకి లాగారు. అందరూ ఆ బిస్కెట్ పెట్టెల గోడ వెనక్కి చేరారు. చార్డ్ మిగతావాళ్ళతో పాటే తుపాకీ పట్టుకుని కాల్చాడు. అర్ధరాత్రి దాహంతో గాయపడ్డవాళ్ళు అల్లాడుతుంటే, గోడ అవతల వదిలేసిన నీళ్ళ బండిని కొందరిని వెంటబెట్టుకుని వెళ్ళి లాక్కొచ్చాడు. తెల్లవారేసరికి జూలూలు వెళ్ళిపోయారు. ఇరవై వేల తూటాలకి మిగిలినవి తొమ్మిది వందలు. పొద్దున శిథిలాల్లో ఒక బీరు సీసా పగలకుండా దొరికితే చార్డ్, బ్రామ్‌హెడ్ చెరిసగం తాగారట.

బ్రిటిష్ వైపు పదిహేడు మంది చనిపోయారు. జూలూల శవాలు లెక్కపెట్టినవే 351. గాయపడి కదల్లేకపోయిన జూలూలని ఆ తర్వాత చంపేశారన్నది కూడా చరిత్రే, దాన్ని వదిలేసి ఈ కథ చెప్పకూడదు. వాళ్ళ నేల మీదకి సైన్యంతో వెళ్ళింది బ్రిటిష్‌వాళ్ళే. జూలూలకీ ఒక వీరపతకం ఉంది. ఇజిక్వు అని, చెక్కపూసలు ఒకదానిలో ఒకటి కుదిరేలా చేసిన దండ. యుద్ధంలో సాహసం చూపినవాళ్ళు మెళ్ళో వేసుకునేవారు. దాని మీద పేరు ఉండదు. మ్యూజియంలో అలాంటి దండ కనపడితే ఎవరిదో చెప్పగలిగే అంచు లేదు.

రోర్క్స్ డ్రిఫ్ట్‌కి మొత్తం పదకొండు విక్టోరియా క్రాస్‌లు ఇచ్చారు. అంతకు కొన్ని గంటల ముందు జరిగిన ఘోర పరాజయం నుంచి జనం దృష్టి మళ్ళించడానికే అన్ని ఇచ్చారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. చార్డ్‌కి ఒకేసారి కెప్టెన్, బ్రెవెట్ మేజర్ హోదాలు వచ్చాయి. జులైలో సర్ గార్నెట్ వూల్జ్‌లీ ఆయన ఛాతీకి క్రాస్ తగిలించాడు. అదే వూల్జ్‌లీ తన డైరీలో చార్డ్ గురించి చాలా చులకనగా రాసుకున్నాడు. మరికొందరు పై అధికారులూ అంతే. మందమతి, చురుకు లేదు, ఇంత పని ఇతను చేశాడంటే నమ్మలేం అన్నది వాళ్ళ ధోరణి. అసలు ఘనత డాల్టన్‌దే అన్నవాళ్ళూ ఉన్నారు. డాల్టన్ పాత్ర పెద్దదే, ఆయనకీ క్రాస్ వచ్చింది. కానీ రాత్రంతా ఆ గోడ వెనక నిర్ణయాలు తీసుకున్నవాడు చార్డ్. చురుగ్గా కనపడటం వేరు, చురుగ్గా ఉండటం వేరు.

విక్టోరియా రాణి మాత్రం ఆయన్ని ఇష్టపడింది. ఇంగ్లండు తిరిగి రాగానే బాల్మోరల్‌కి పిలిపించుకుని ఆ రాత్రి కథ విన్నది, ఒక బంగారు ఉంగరం ఇచ్చింది. రాసిమ్మని అడిగితే 1880లో రాసిచ్చాడు. అందులో తన గురించి తక్కువ, మిగతావాళ్ళ గురించి ఎక్కువ. తర్వాత జీవితమంతా మళ్ళీ మామూలు ఉద్యోగమే. సైప్రస్, సింగపూర్, చివరికి స్కాట్‌లండులోని పెర్త్. పెళ్ళి చేసుకోలేదు. నాలుక కేన్సర్ వచ్చింది. ఆపరేషన్లు జరిగాయి, నాలుక తీసేశారు. అసలే తక్కువ మాట్లాడే మనిషికి మాటే పోయింది. 1897 నవంబరు 1న, సోమర్సెట్‌లోని హ్యాచ్ బోషాంప్ అనే పల్లెలో, చర్చి ఫాదరీగా ఉన్న తమ్ముడి ఇంట్లో, యాభై ఏళ్ళు నిండకుండానే కన్నుమూశాడు. అక్కడి చర్చి ఆవరణలోనే సమాధి.

ఇక్కడితో మనిషి కథ అయిపోయింది. పతకం కథ మిగిలింది.

1972లో చార్డ్ పతకాలు అమ్మకానికి వచ్చాయి. ఒకటి దక్షిణాఫ్రికా యుద్ధ పతకం, అది అసలుదే. ఈ పతకాన్ని ఎలా గుర్తుపట్టాలో చెబుతాను. వెనకవైపు ప్రోటియా పొద దగ్గర తల వంచిన సింహం ఉంటుంది. అదే బొమ్మతో అంతకు ముందు ఇచ్చిన పతకంలో కింద 1853 అని అంకె ఉంటుంది. జూలూ యుద్ధం నాటిదైతే అంకె బదులు డాలు, బల్లేలు ఉంటాయి. రిబ్బను మీద 1879 అని వెండి పట్టీ ఉంటే ఆ ఏడాది యుద్ధానికి సరిహద్దు దాటి వెళ్ళినట్టు. నేటాల్‌లోనే ఉండిపోయినవాళ్ళకి పట్టీ లేదు. ఇక పేరు అంచు మీద. అంచు మీద అసలు పేరు అరగదీసి, ఇసాండ్ల్‌వానాలోనో రోర్క్స్ డ్రిఫ్ట్‌లోనో ఉన్నవాడి పేరు చెక్కి ఎక్కువ ధరకి అమ్మే మోసగాళ్ళు ఉన్నారు. అందుకే కాలిపర్‌తో వ్యాసం కొలుస్తారు. 36 మిల్లీమీటర్లు ఉండాల్సింది కాస్త తగ్గినా అనుమానించాలి. ఆ తర్వాత లండన్ శివార్లలో క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో డబ్ల్యూఓ 100 అనే వరసలో ఉన్న పతకాల జాబితాలు తిరగేసి ఆ నంబరు, ఆ పేరు, ఆ పట్టీ ఒకే మనిషివో కాదో చూసుకోవాలి.

రెండోది విక్టోరియా క్రాస్. దానికి మాత్రం నకలు అని చీటీ పెట్టారు. కొన్నది ఎవరో కాదు, సినిమాలో చార్డ్‌గా వేసిన స్టాన్లీ బేకర్. 2700 పౌన్లు ఇచ్చాడు. నకలని తెలిసే, అభిమానంతో కొనుక్కున్నాడు. 1976లో నలభై ఎనిమిదేళ్ళకే ఆయన చనిపోయాడు. పతకం తక్కువ ధరకి చేతులు మారి, చివరికి భద్రత కోసం లండన్‌లోని స్పింక్ సంస్థ దగ్గరకి చేరింది. 1996లో వాళ్ళకి ఎందుకో అనుమానం వచ్చి లోహపరీక్షకి పంపారు.

విక్టోరియా క్రాస్ బంగారం కాదు, వెండి కాదు. పట్టుబడ్డ ఫిరంగులు కరిగించిన కంచు. మొదటినుంచీ లండన్‌లోని హాంకాక్స్ అనే నగల సంస్థే చేస్తోంది. పతకం వేలాడే అడ్డపట్టీ వెనక గ్రహీత హోదా, పేరు, దళం చెక్కుతారు. క్రాస్ వెనకవైపు మధ్యలోని వలయంలో సాహసం చేసిన తేదీ ఉంటుంది. ఇవన్నీ నకలులోనూ చెక్కొచ్చు. లోహం మిశ్రమాన్ని అనుకరించడం కష్టం. డొనింగ్టన్ సైనిక డిపోలో ఈ పతకాల కోసం భద్రంగా దాచిన కంచు దిమ్మ ఉంది. దాని లోహంతో పోల్చి చూస్తే సరిపోయింది. ఇరవై నాలుగేళ్ళు నకలు అనుకున్నది చార్డ్ ఛాతీ మీద తగిలించిన అసలు పతకమే. పాపం బేకర్, తన దగ్గర ఉన్నది ఏమిటో తెలియకుండానే పోయాడు. ఆ తర్వాత అది లార్డ్ ఆష్‌క్రాఫ్ట్ సేకరణలో చేరింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. విక్టోరియా క్రాస్‌ల లోహమంతా ఒకే ఫిరంగి నుంచి రాలేదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. కాబట్టి లోహం ఒక్కటే తీర్పు చెప్పదు. చెక్కిన అక్షరాల తీరు, తేదీ, ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందన్న జాడ, జాబితాలో పేరు, ఇవన్నీ ఒకే మాట చెప్పాలి.

నాకు ఈ కథలో వింతగా తోచేది ఇదే. మనిషిని బతికుండగా పై అధికారులు పైపైన చూసి సాధారణం అన్నారు. అతని పతకాన్ని తర్వాతివాళ్ళు పైపైన చూసి నకలు అన్నారు. రెండుసార్లూ తప్పు ఒకటే. తిప్పి చూడలేదు.

మేమూ అంతే. నలభై ఏళ్ళు ఒక మనిషి పేరు మీద ఒంటికాలితో గెంతాం. వెండి పతకం పట్టీలైంది, దాని మీద ఉన్న నంబరూ పేరూ కొలిమిలో కలిసిపోయాయి. అమ్మమ్మని తప్పు పట్టను. ఇంట్లో ఆడపిల్ల కాళ్ళకి పట్టీలు ఆ రోజున పతకం కంటే అవసరం. ఆ పట్టీలు ఇప్పటికీ అమ్మ దగ్గర ఉన్నాయి.

మీరు ఈసారి ఇండియా వెళ్ళినప్పుడు పాత ట్రంకుపెట్టె ఒకసారి తెరవండి. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి, హైదరాబాదు నుంచి రెండు ప్రపంచ యుద్ధాలకీ మనవాళ్ళు చాలామంది వెళ్ళారు. బిళ్ళ ఏదైనా దొరికితే తోమకండి, చింతపండు అసలు వద్దు. కంసాలికి ఇవ్వకండి. వెలుతురులోకి తీసుకెళ్ళి అంచు తిప్పి చూడండి. రెండు వైపులా ఫొటో తీసి, అంచుకి మూడో ఫొటో తీయండి. నంబరు దొరికితే కాగితం మీద రాసిపెట్టుకోండి, ఇంట్లో పెద్దవాళ్ళు ఉండగానే ఆ మనిషి గురించి అడగండి.

మా ముత్తాత బిళ్ళకి నేను రింగు వేయించలేదు. కొత్తది వేస్తే అబద్ధమవుతుందని ఆ ముసలి వ్యాపారి వారించాడు. రాపిళ్ళతో, తొక్కుడుబిళ్ళ గీతలతో అలాగే ఉంచాను. మా అబ్బాయి అప్పుడప్పుడు భూతద్దం పెట్టి ఆ సగం పేరు చదువుతుంటాడు. మిగతా సగం వాడి ఇంటిపేరే.